చలికాలంలో దెబ్బతిన్న కుండీ పామ్ కోలుకోవాలంటే: తిరుపతి ఇళ్లలో తరచుగా అడిగే ప్రశ్నలు

సంక్రాంతి ముగ్గులు చెరిగిపోయే నాటికి మా గేటు దగ్గర ఒకరిద్దరు ఆగడం మామూలే. ఒకరి చేతిలో ఎండిన మట్ట ముక్క ఉంటుంది, ఇంకొకరు ఫోనులో ఫోటో చూపిస్తారు. నేను వ్యవసాయ శాస్త్రం చదివినవాణ్ణి కాదు. మేడ మీద ఇరవై ఏళ్లుగా కుండీలు పెంచుతూ, కొన్నిటిని చంపుకొంటూ నేర్చుకున్నవాణ్ణి. అడిగినవాళ్లకు చెప్పిన మాటలే ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

తిరుపతిలో చలి ఎంతని? ఈ మాత్రానికే పామ్ దెబ్బతింటుందా?

ఒక్క చలికే అయితే తినదు. జనవరి రాత్రుల్లో ఇక్కడ ఉష్ణోగ్రత మామూలుగా 18 డిగ్రీల దగ్గర ఆగుతుంది, బాగా చలి పెట్టిన రాత్రి ఇంకొంచెం దిగుతుంది. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే అరెకా పామ్ పుట్టిల్లు మడగాస్కర్. సుమారు 10 డిగ్రీల కిందకు వెళ్తే గానీ దానికి చలి బాధ మొదలుకాదు. కాబట్టి మంచు కురిసే ఊళ్లవాళ్ల వీడియోలు చూసి కుండీకి దుప్పటి చుట్టనక్కర్లేదు.

మన దగ్గర జరిగేది వేరు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. ఒక వాయుగుండం దాటిందో లేదో ఇంకొకటి. కుండీలో మట్టి వారాల తరబడి ఆరదు. పైన మబ్బు ఉండటంతో ఆకు నీటిని ఆవిరి చేయదు, ఆకు అడగనప్పుడు వేరు తాగదు. గాలి ఆడని తడి మట్టిలో ఆ వేరు మెల్లగా కుళ్లుతుంది. పైకి మాత్రం మొక్క పచ్చగానే కనిపిస్తూ ఉంటుంది. జనవరిలో వానలు ఆగి, పొడి గాలి వీచి, ఆకులు నీళ్లు అడిగే సమయానికి అందించే వేళ్లు మిగలవు. అప్పుడు మట్టలు ఎండడం మొదలవుతుంది. మనం చలికి ఎండిందనుకుంటాం, పాపం దాహం వేస్తోందని ఇంకో చెంబు పోస్తాం. నవంబరులో తగిలిన దెబ్బ జనవరిలో బయటపడిందన్నమాట.

2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులై పారిన వారం మా మేడ మీద రెండు అరెకాలు పళ్లేలతో సహా నీళ్లలో నిలబడ్డాయి. కింద గదుల్లో నీళ్లు ఎత్తిపోసే పనిలో పడి వాటి సంగతే ఎవరికీ గుర్తు లేదు. సంక్రాంతికల్లా ఒకటి పోయింది. ఆ ఏడాది నుంచి నాకొక అలవాటు. కపిలతీర్థంలో జలపాతం దూకుతోందని ఎవరైనా చెబితే, చూడటానికి బయలుదేరే ముందు మేడెక్కి కుండీల కింది పళ్లేలన్నీ తీసేస్తాను.

మట్టలన్నీ ఎండాయి. మొక్క బతికి ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

మట్టలను కాదు, మొవ్వును చూడండి. కొబ్బరి రైతులు మొవ్వు అనేదే ఇక్కడా ప్రాణస్థానం. తాళజాతి మొక్కల్లో ఒక్కో కాండానికి పెరిగే చోటు ఒక్కటే, అది నడినెత్తిన ఉంటుంది. మామిడి కొమ్మ విరిగితే పక్కనుంచి చిగురిస్తుంది గానీ పామ్ కాండానికి ఆ అవకాశం లేదు. మొవ్వు చస్తే ఆ కాండం కథ ముగిసినట్టే. మొవ్వు బతికి ఉంటే మాత్రం చుట్టూ ఉన్న మట్టలన్నీ ఎండినా ఆశ ఉన్నట్టే.

నడిమధ్యలో ఇంకా విచ్చుకోని, ఈటెలా నిలబడిన లేత ఆకును రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా పైకి లాగండి. పీకకూడదు, బలం చూడాలంతే. గట్టిగా నిలబడితే మంచిదే. తేలిగ్గా ఊడి చేతికి వచ్చి, అడుగు భాగం గోధుమరంగులో మెత్తబడి పుల్లటి కంపు కొడితే మొవ్వు కుళ్లిందని అర్థం.

అరెకా, రాపిస్ లాంటివి గుంపుగా పెరిగే రకాలు. వాటిలో ఒక కాండం పోయినా పక్క పిలకలు బతికే వీలుంది, ఒక్కో పిలకనూ విడిగా చూడాలి. ఫాక్స్‌టెయిల్, బాటిల్ పామ్ లాంటి ఒంటికాండం రకాలకు ఆ వీలు లేదు.

లేత ఆకు గట్టిగా ఉంది గానీ ఎదుగుదల కనబడదంటే, దాని మీద పెన్నుతో ఒక గీత పెట్టి, పక్క మట్ట మీద అదే ఎత్తులో ఇంకో గీత పెట్టండి. రెండు మూడు వారాల తరవాత లేత ఆకు గీత పైకి జరిగి ఉంటే లోపల పని సాగుతోందన్నమాట. రోజూ వెళ్లి తట్టి చూడటం కంటే ఇది నయం, మొక్కకూ మనకూ.

ఎండిన మట్టలు వెంటనే కోసేయవచ్చా?

పూర్తిగా ఎండి గలగలలాడేవాటిని కోయండి. సగం పచ్చగా ఉన్నదాన్ని కోయకండి. చూడటానికి బాగుండదని అందరూ చేసే పొరపాటు ఇదే. దెబ్బతిన్న మొక్కకు ఆ సగం పచ్చదనమే వంటిల్లు. అదీగాక పొటాషియం తక్కువైనప్పుడు పామ్ తన పాత ఆకుల్లోంచి దాన్ని తోడుకుని కొత్త ఆకులకు పంపుకొంటుంది. పసుపుబారిన పాత ఆకును మీరు కోస్తే ఆ భారం పై ఆకు మీద పడుతుంది, మళ్లీ ఆ ఆకు పసుపు అవుతుంది. అలా కోస్తూ కోస్తూ చివరికి ఒక్క ఈటె ఆకుతో మిగిలిన అరెకాను నేను చూశాను.

కోసేటప్పుడు మట్టను కాండానికి ఆనించి కాకుండా రెండు మూడు అంగుళాలు మిగిల్చి కోయండి. కిందికి లాగి చీల్చవద్దు. తాళజాతి కాండానికి పడిన గాయం పూడదు, మచ్చ అలాగే ఉండిపోతుంది. కత్తెరను ముందుగా డెట్టాలుతో గానీ స్పిరిట్‌తో గానీ తుడవండి.

ఎండిన భాగం మళ్లీ పచ్చబడుతుందా?

లేదు. పామ్ కోలుకోవడమంటే పాత ఆకు బాగుపడటం కాదు, కొత్త ఆకు రావడం.

వేళ్లు కుళ్లాయేమోనని అనుమానం. కుండీలోంచి తీసి చూడాలా?

మట్టి వాసన చూడండి ముందు. మంచి మట్టికి తొలకరి వాసన ఉంటుంది, కుళ్లిన కుండీకి మురుగు వాసన. కింది చిల్లులో పుల్ల పెట్టి కెలికితే నల్లటి బురద వస్తే ఇక ఆగనక్కర్లేదు. ఈ రెండూ లేకపోతే మాత్రం కదపవద్దు. పామ్ వేళ్లకు కదిలించడం ఇష్టం ఉండదు. మంచి వేరును కూడా తెంపి కొత్త కష్టం తెచ్చిపెట్టినవాళ్లవుతాం.

తీయక తప్పదంటే, ముందు రెండు రోజులు నీళ్లు ఆపి, కుండీని పక్కకు వాల్చి, అంచుల్లో తట్టి, ముద్ద మొత్తంగా జారేలా తీయండి. కాండం పట్టి లాగవద్దు. తెల్లగా, లేత గోధుమరంగులో గట్టిగా ఉన్న వేళ్లు మంచివి. నొక్కితే పైతొక్క జారిపోయి లోపల దారం మాత్రం మిగిలేవి కుళ్లినవి, వాటిని కత్తిరించాలి. మిగతా ముద్దను విదిలించి కడిగి శుభ్రం చేయాలనే ఉత్సాహం వద్దు.

కొత్త మట్టి మాటకొస్తే, మన ఎర్రమట్టి ఒక్కటే నింపితే కుండీలో ఇటుకలా బిగుసుకుంటుంది. నేను ఒక వంతు ఎర్రమట్టి, ఒక వంతు గరుకు ఇసుక, ఒక వంతు కొబ్బరిపొట్టు, అర వంతు బాగా మాగిన పశువుల ఎరువు గానీ వర్మికంపోస్టు గానీ కలుపుతాను. వేపపిండి గుప్పెడు. వేళ్లు కుళ్లిన మొక్కకు కొబ్బరిపొట్టు ఇంకొంచెం తగ్గిస్తాను, అది తడిని పట్టి ఉంచుతుంది గనుక. కుండీ మాత్రం పాతదానికంటే పెద్దది తీసుకోవద్దు. వేళ్లు తగ్గిన మొక్కకు పెద్ద కుండీ పెడితే తాగేవాళ్లు లేని నీళ్లు చుట్టూ నిలుస్తాయి. మునుపు ఏ లోతులో ఉందో ఆ లోతులోనే నాటాలి. ఊగుతోందని కాండాన్ని లోతుగా పాతిపెట్టకండి, ఊగకుండా ఒక కర్ర కట్టండి.

మొవ్వు కుళ్లిపోయింది. మందు ఏమైనా ఉందా?

గుంపు రకమైతే పోయిన కాండాన్ని నేలబారుకు కోసి తీసేసి మిగతావాటిని కాపాడుకోండి. ఒంటికాండం రకంలో కూడా ఒక్క ప్రయత్నం చేయవచ్చు. ఊడివచ్చిన ఆకును తీసేసి, లోపల మెత్తబడిన భాగాన్ని చెంచాతో తోడి, కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే రాగి మందు (తెగులు మందు) లీటరు నీటికి 3 గ్రాములు కలిపి మొవ్వు తడిసేలా పోయండి. పది రోజుల తరవాత ఇంకొక్కసారి. అంతకు మించి వద్దు, రాగి ఎక్కువైతే అదే విషం. ఆ తరవాత మొవ్వులో నీళ్లు పడకుండా పైకప్పు కింద ఉంచండి. చేతికి తొడుగు వేసుకోండి, పిల్లలను దూరంగా ఉంచండి. లోపల కొంత భాగం బతికి ఉంటే నెలల తరవాత ముడుచుకుపోయిన, కొనలేని వికారపు ఆకు ఒకటి వస్తుంది. దాన్ని చూసి భయపడవద్దు. దాని వెనక వచ్చేవి ఒక్కొక్కటిగా సర్దుకుంటాయి.

ఆకు కొనలు మాత్రమే గోధుమరంగు. ఇదీ చలేనా?

ఇది ఎక్కువగా నీటిలోని ఉప్పు. మా బోరు నీళ్లు ఒక వారం నిల్వ ఉంచితే బకెట్‌కు తెల్లటి చారలు పడతాయి, అవే ఉప్పులు కుండీలోనూ పేరుకుంటాయి. మట్టి మీద గానీ మట్టి కుండీ బయట గానీ తెల్లటి పొర కనబడితే అదే గుర్తు. వానలు పడినన్ని రోజులూ అవి కడుక్కుపోతాయి. వానలు ఆగి బోరు నీటికి మారిన రెండు నెలల్లో కొనలు మాడటం మొదలవుతుంది, సరిగ్గా చలి రోజుల్లోనే. అందుకే నేరం చలి మీద పడుతుంది.

నెలకొకసారి కుండీ పరిమాణానికి రెండు మూడింతల మంచి నీళ్లు నిదానంగా పోసి, అంతా కింది చిల్లులోంచి కారిపోయేలా చేయండి. వాన నీళ్లు పట్టి ఉంచుకోగలిగితే అంతకంటే మంచివి లేవు. ఏసీ నుంచి కారే నీళ్లలోనూ ఉప్పు ఉండదు, వాడుకోవచ్చు. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను: మంచినీళ్ల ఆర్వో యంత్రం పక్క గొట్టంలోంచి వదిలేసే నీళ్లు పామ్‌కు పోయకండి. నీళ్లు వృథా చేయకూడదన్న మంచి ఉద్దేశంతోనే పోస్తారు. కానీ యంత్రం వడగట్టి తీసేసిన ఉప్పంతా ఆ నీళ్లలోనే ఉంటుంది. ఇల్లు తుడవడానికి వాడండి.

కొనలు కత్తిరించాలనిపిస్తే ఆకు ఆకారంలోనే ఏటవాలుగా, పచ్చ భాగం తగలకుండా సన్నటి గోధుమ అంచు వదిలి కత్తిరించండి. పచ్చలోకి కోస్తే అక్కడినుంచి మళ్లీ ఎండుతుంది.

కోలుకునే రోజుల్లో నీళ్లు ఎన్నిసార్లు పోయాలి?

రోజులు లెక్కపెట్టకండి. వేలు రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చండి. తడి తగిలితే వద్దు, పొడిగా ఉంటే నిండుగా పోయండి. పోసేది ఉదయం పూట, కాండం మొదట్లో. నెత్తిన పోస్తే మొవ్వులో నీళ్లు నిలిచి రాత్రి చల్లదనానికి ఆరవు.

ఎరువు వేస్తే త్వరగా కోలుకుంటుందా?

జ్వరం తగ్గని మనిషికి పెళ్లి భోజనం పెట్టినట్టు ఉంటుంది. వేళ్లు లేని మొక్కకు యూరియా, డీఏపీ వేస్తే మిగిలిన నాలుగు వేళ్లూ మాడతాయి. కొత్త ఆకు కదిలిన తరవాతే, అంటే ఇక్కడ ఫిబ్రవరి చివరికో మార్చికో, కొంచెంగా మొదలుపెట్టండి.

ఏది తక్కువైందో ఆకులే చెబుతాయి. పాత ఆకుల మీద పసుపు, నారింజ చుక్కలు వచ్చి కొనల నుంచి ఎండుతుంటే పొటాషియం. పాత ఆకుల అంచులు పసుపుపచ్చగా మారి మధ్య భాగం ఆకుపచ్చగా మిగిలితే మెగ్నీషియం, దానికి లీటరు నీటిలో ఒక చిన్న చెంచా మెగ్నీషియం సల్ఫేట్ కలిపి నెలకొకసారి మట్టిలో పోస్తే చాలు. అతిగా పోస్తే పొటాషియం కొరత ముదురుతుంది. కొత్త ఆకులే వెలిసిపోయి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదు. అలాంటప్పుడు ఇనుము కొనేముందు మట్టి ఆరుతోందో లేదో చూడండి. తడి మట్టిలో ఉక్కిరిబిక్కిరైన వేరు, పక్కనే ఇనుము ఉన్నా తీసుకోలేదు. కొత్త ఆకు ముడతలు పడి కాలినట్టు వస్తే మాంగనీసు కొరత కావచ్చు.

బియ్యం కడిగిన నీళ్లు, మజ్జిగ, దాల్చినచెక్క పొడి పని చేస్తాయా?

బియ్యం కడుగు అప్పుడప్పుడు పలచగా పోస్తే హాని లేదు. మజ్జిగ ఈగలను పిలుస్తుంది. దాల్చినచెక్క పాయసంలో వేసుకోండి.

ఎండలో పెడితే కోలుకుంటుందని కొందరు, నీడలో అని కొందరు. ఏది నిజం?

వెలుతురు కావాలి, మండే ఎండ వద్దు. తూర్పు వైపు బాల్కనీ దీనికి బంగారం లాంటిది, ఉదయపు ఎండ రెండు మూడు గంటలు తగిలితే చాలు. చలికాలమంతా గదిలో ఉన్న మొక్కను ఒక్కసారిగా మేడ మీదకు తెస్తే రెండు రోజుల్లో ఆకులు తెల్లగా పాలిపోయి కాలుతాయి. రథసప్తమి తరవాత తిరుపతి ఎండ స్వభావం మారిపోతుంది, ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటుతుంది. కాబట్టి రోజుకో అరగంట చొప్పున పది పన్నెండు రోజుల్లో అలవాటు చేయండి, మార్చి మధ్యకల్లా ఆకుపచ్చ నీడవల కట్టేయండి. కుండీని సిమెంటు నేల మీద నేరుగా పెట్టక రెండు ఇటుకల మీద నిలబెడితే వానకాలంలో నీరు జారుతుంది, వేసవిలో వేడి తగలదు.

ఆకుల వెనక సన్నటి బూజు, దుమ్ములాంటి చుక్కలు ఉన్నాయి.

ఎర్రనల్లి. పొడి గాలి మొదలయ్యాక నీరసించిన మొక్క మీదే వాలుతుంది. తెల్ల కాగితం పట్టి ఆకును తడితే చుక్కలు పడి కదులుతాయి. ఉదయం పూట ఆకుల వెనకవైపు నీళ్ల ధారతో కడగండి, వారానికి రెండుసార్లు. తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు మూడు చుక్కల సబ్బు కలిపి సాయంత్రం చల్లండి. ఎండలో చల్లితే ఆకు కాలుతుంది. దూదిలా అంటుకున్నది పిండినల్లి, దాన్ని స్పిరిట్ అద్దిన దూదితో తుడవండి.

మాది మదనపల్లె. ఈ లెక్కలే సరిపోతాయా?

పూర్తిగా కాదు. తిరుపతి సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తులో ఉంటే చిత్తూరు 330 దగ్గర, మదనపల్లె 700 దగ్గర, హార్స్‌లీ కొండ 1,260 మీటర్ల పైన. కిలోమీటరు ఎత్తుకు ఆరు డిగ్రీలకు పైగా వేడి తగ్గుతుందని లెక్క వేసుకుంటే తేడా తెలుస్తుంది. మాఘమాసంలో మాకులు కూడా వణుకుతాయనే మాట తిరుపతిలో సామెత, హార్స్‌లీ కొండ మీద నిజం. అక్కడ డిసెంబరు, జనవరి రాత్రుల్లో అరెకా, బాటిల్ పామ్‌లను గోడవారకు, పైకప్పు కిందకు జరపండి. రాపిస్ కొంత చలి ఓర్చుకుంటుంది. బయటికి తేవడానికి శివరాత్రి దాటనివ్వండి.

నర్సరీలో సాగో పామ్ అని ఇచ్చారు. ఆకులన్నీ పోయాయి, దీనికీ ఇవే సూత్రాలా?

అది అసలు పామ్ కాదు, సైకస్. పామ్ పూలు పూచే మొక్క, సైకస్ పూలే లేని పాతకాలపు వంశం. మన శేషాచలం కొండల్లో దీని బంధువు ఒకటుంది, పేరిత అంటారు. ఆ కొండల సొంత మొక్క, అంతర్జాతీయ వ్యాపారం నిషేధించిన అరుదైన జాతుల పట్టికలో ఉంది. ఎవరైనా అడవి నుంచి తెచ్చి అమ్మజూపితే కొనకండి.

మీ కుండీలోని సైకస్ సంగతికి వస్తే, దుంపలాంటి కాండాన్ని నొక్కి చూడండి. రాయిలా గట్టిగా ఉంటే ఆకు ఒక్కటీ లేకపోయినా బతికే ఉంది. నీళ్లు బాగా తగ్గించి వెలుతురులో పెడితే, వేసవిలో ఒకేసారి గుత్తిగా ఆకులు వేస్తుంది. మెత్తగా ఉంటే కుళ్లింది. ఇంట్లో కుక్క ఉంటే జాగ్రత్త, సైకస్ మొక్కంతా విషమే, గింజలు మరీ.

ఎన్నాళ్లలో మునుపటిలా అవుతుంది?

మీరు ఊహించినదానికంటే ఆలస్యంగా. ఒక్కో కాండం ఏడాదికి వేసే ఆకులు కొన్నే. వేళ్లు కుళ్లి తేరుకున్న మా రెండో అరెకాకు తొలి కొత్త ఆకు ఏప్రిల్‌లో వచ్చింది, అదీ పొట్టిగా. చూడముచ్చటగా మారడానికి రెండు వేసవులు పట్టింది. మధ్యలో మా ఇంటావిడ దాన్ని తీసేసి కరివేపాకు పెట్టమని ఎన్నిసార్లు అన్నదో లెక్క లేదు. ఇప్పుడు బంధువులొస్తే ముందు దాన్నే చూపిస్తుంది.

పోయిన మొక్క కుండీలో కొత్తది నాటవచ్చా?

నాటవచ్చు, పాత మట్టితో మాత్రం కాదు. ఆ మట్టిని ఇంకో పామ్‌కు వాడకండి. కుండీని బ్రష్షుతో రుద్ది కడిగి, వారం రోజులు బోర్లించి ఎండబెట్టండి. ఈలోగా అడుగు చిల్లులు చూసుకోండి. కొన్న ప్లాస్టిక్ కుండీల్లో చాలావాటికి చిల్లుల గుర్తులే ఉంటాయి గానీ చిల్లులు ఉండవు. మేకు కాల్చి నాలుగు పొడవండి, పక్కల్లో కింది అంచుకు ఒక అంగుళం పైన ఇంకో నాలుగు.